రెండున్నర కిలోమీటర్లు

మా గదిలో ఇద్దరమే పనిచేసేవాళ్ళం. ఒకరి లెక్క ఒకరికి చూపించుకునేవాళ్ళం కాదు. మా పనికి అదే మొదటి నియమం.

విమానం నుంచి తీసిన ఫోటోలు మాకు జతలుగా వస్తాయి. ఒకే చోటును కాస్త ఎడంగా రెండుసార్లు తీస్తారు. రెండింటినీ బల్లమీద పక్కపక్కన పెట్టి జంట అద్దంలోంచి చూస్తే, అప్పటిదాకా చదునుగా పడుకున్న కొండలు లేచి కూర్చుంటాయి. చెట్టు ఎంత ఎత్తో, గొయ్యి ఎంత లోతో కొలిచి చెప్పొచ్చు. నేను చూసి, నా అంకె కాగితం మీద రాసి, కవరులో పెట్టి అంటిస్తాను. అంగుళం బాబాయి చూసి తన అంకె తన కవరులో పెడతారు. రెండు కవర్లూ డైరెక్టరు గారి బల్లమీదే విప్పాలి. రెండు అంకెల మధ్య తేడా పదోవంతు దాటితే ఇద్దరం పక్కపక్కన కూర్చుని మూడోసారి మొదటినుంచి చూడాలి. దాటకపోతే అదే నిజమని ప్రభుత్వం నమ్ముతుంది.

అంగుళం బాబాయి సొంతానికి ఎవరికీ బాబాయి కాదు, ఆఫీసులో అందరికీ బాబాయే. అంగుళం తేడా వచ్చిందంటే ఆ పూట భోజనం మానేసే మనిషి కాబట్టి ఆ పేరు పడింది. నేను చేరిన కొత్తలో వారం రోజులు నాచేత పొలాల ఫోటోల్లో ఆవుల్ని లెక్కపెట్టించారు. నలభై ఆరని రాసిచ్చాను. "ఇరవై మూడు ఆవులమ్మాయ్, మిగతా ఇరవై మూడూ వాటి నీడలు" అని గదంతా నవ్వించారు. నాకు ముక్కుమీద కోపం. టీ తెచ్చే ఆవిడ నన్ను ఎదురుగా మేడమ్ అని, చాటుగా మిరపకాయ అని పిలుస్తుందని తెలుసు. ఆ రోజు బాబాయితో మాట్లాడకుండా వెళ్ళిపోయాను. మర్నాడు మళ్ళీ లెక్కపెట్టాను. ఆయనే రైటు. ఆ తర్వాత పదమూడేళ్ళలో ఆయన కన్ను తప్పడం నేను చూడలేదు.

ఇక మా తమ్ముడి సంగతి చెప్పాలి. అమ్మ పోయేనాటికి వాడికి ఆరేళ్ళు, నాకు పంతొమ్మిది. నాన్న అంతకు ముందే లేడు. వాడికి బడి చొక్కాకు గుండీ కుట్టడం దగ్గర్నుంచి మీసం గీసుకోవడం దాకా అన్నీ నేనే నేర్పాను. మీసం సంగతి చెబితే వాడు ఇప్పటికీ సిగ్గుపడతాడు. చదువుకోరా అంటే సైన్యంలో చేరాడు. వారం రోజులు అరిచాను. ఎనిమిదో రోజున వాడి పెట్టె నేనే సర్దాను.

వాడు ఏడాదిగా సరిహద్దు కొండమీద కాపలా శిబిరంలో ఉన్నాడు. నలభై మంది ఉంటారు. ఆ కొండ ఎవరి చేతిలో ఉంటే కింద లోయంతా వాళ్ళ దయే. లోయలో మా రైలు వంతెన ఉంది, వంతెనను ఆనుకుని పాతిక వేల మంది బతికే ఊరుంది. పక్క దేశం వాళ్ళు మూడేళ్ళ క్రితం సరిహద్దు ఏటి నడుమ ఇసుకదిబ్బ ఒకటి తీసుకున్నారు. మనవాళ్ళు ఉత్తరం రాశారు. నిరుడు సుంకాల కచేరీ తీసుకున్నారు. మనవాళ్ళు ఇంకా పొడుగైన ఉత్తరం రాశారు. ఇప్పుడు వాళ్ళ వైపు నుంచి కొండ వెనక్కి రోడ్డు వేస్తున్నారు. ఎందుకని అడిగితే, కొండపల్లెలకు మందులు తీసుకెళ్ళడానికని జవాబు వచ్చింది. మందులకు అంత వెడల్పు రోడ్డు ఎందుకో చెప్పలేదు.

ఒక సోమవారం పొద్దున మంత్రివర్గ కార్యదర్శి స్వయంగా మా గదికి వచ్చాడు. సన్నగా, నిద్రలేని కళ్ళతో ఉన్నాడు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"నాకు ఈ ఫోటోలు చూడ్డం రాదమ్మా. నాకు ఒక్క అంకె కావాలి. ఫిరంగిని లాగే లారీ ఆ కొండ వెనకదాకా రావాలంటే రోడ్డు ఎన్నాళ్ళలో పూర్తవుతుంది?"

"ఎందుకో తెలిస్తే దాన్నిబట్టి చూస్తాం" అన్నాను. నిజానికి మాకు ఎందుకో అడిగే హక్కు లేదు.

ఆయన బాబాయి వైపు, నా వైపు చూశాడు. మోయలేని బరువు కాసేపు ఎక్కడైనా దించుకోవాలనుకునే మనిషిలా చెప్పేశాడు. "లోపల మంత్రులు రెండుగా చీలిపోయారు. సగం మంది ఇప్పుడే కొడదామంటున్నారు. రోడ్డు సగంలో ఉండగా, వాళ్ళ ఫిరంగులు కింద ఉండగా, పైన మనవాళ్ళు ఉండగా. మిగతా సగం మంది, కొడితే యుద్ధం మనం మొదలుపెట్టినట్టవుతుంది, కొండ వదిలేసి శాంతి కొనుక్కుందామంటున్నారు. రెండు దేశాల సైన్యాలూ కొండను ఖాళీగా వదిలేలా ఒప్పందం. మూడు నెలల్లో బయటి దేశాల పరిశీలకులు వచ్చి కొండమీద కూర్చుంటారు. వాళ్ళు వచ్చేదాకా ఆ రోడ్డు పూర్తి కాకపోతే భయం లేదు. పూర్తయ్యేటట్టుంటే ఈ వారంలోనే కొట్టాలి."

"కొడితే ఎవరు వెళ్తారండీ?" అన్నారు బాబాయి.

"పైనున్న నలభై మందీ దిగి రోడ్డు పనిని చెదరగొడతారు. వెనక నుంచి విమానాలు."

ఆయన వెళ్ళాక బాబాయి నావైపు చూశారు. మా తమ్ముడు ఆ నలభైలో ఉన్నాడని ఆఫీసులో ఆయనకొక్కరికే తెలుసు. సొంతవాళ్ళున్న చోటు ఫోటోలు చూడకూడదని ఎక్కడా రాసిలేదు, కానీ చెప్పుకోవడం మర్యాద. నేను చెప్పలేదు. ఆయనా చెప్పలేదు. ఎవరి బల్ల దగ్గర వాళ్ళం కూర్చున్నాం.

ఇరవై రోజుల తేడాతో తీసిన రెండు జతలు నా ముందున్నాయి. రోడ్డు మొత్తం ఇరవై కిలోమీటర్లు. మట్టి తవ్వి వదిలేసిన దారి ఫోటోలో తెల్లగా, గరుకుగా ఉంటుంది. కంకర పరిచి రోలరు తొక్కించిన రోడ్డు బూడిదరంగులో నున్నగా ఉంటుంది. పాత జతలో ఎనిమిది కిలోమీటర్లు పూర్తయ్యాయి. కొత్త జతలో తొమ్మిదిన్నర దాకా ఎవరైనా ఒప్పుకోవలసిందే. ఆపైన రెండున్నర కిలోమీటర్ల ముక్క ఒకటి కొండ నీడలో ఉంది. బూడిదరంగే. నీడవల్ల వచ్చిన బూడిదరంగు అనుకుంటే అది తవ్విన దారి మాత్రమే. కాదనుకుంటే పూర్తయిన రోడ్డు.

ఆ ముక్క చివర రోలరు నిలబడి ఉంది. పని జరగని దారి చివరికి రోలరు ఎలా వస్తుంది?

లెక్క చిన్నపిల్లలు కూడా వేయగలరు. ఆ ముక్కను కలిపితే ఇరవై రోజుల్లో నాలుగు కిలోమీటర్లు వేశారు, ఇంకా ఎనిమిది మిగిలింది, నలభై రోజులు పడుతుంది. కలపకపోతే ఇరవై రోజుల్లో వేసింది కిలోమీటరున్నరే, పదిన్నర మిగిలింది, నూట నలభై రోజులు పడుతుంది. నలభై అంటే ఈ వారంలో కొడతారు. నూట నలభై అంటే ఒప్పందం.

అద్దాన్ని రోడ్డు మొదటికి జరిపాను. బండల మీద బట్టలు ఆరేసి ఉన్నాయి. వరసగా చుక్కలు, ఒక్కో చుక్కకూ నీడ. తలమీద బరువున్న మనిషి నీడ వేరుగా పడుతుంది, మెడ కనిపించదు. ఇరవై రెండు నీడలకు మెడ లేదు. రాళ్ళు మోసే కూలీలు. మనవాళ్ళు దిగి కొట్టేది ముందుగా వీళ్ళనే. వాళ్ళ సైన్యం తిరిగి కొట్టేది మా తమ్ముణ్ణి. ఆ కూలీల కోసమే నలభై అని రాయబోయిన చేయి ఆగిందని చెప్పుకుంటే నాకు గౌరవంగా ఉంటుంది. అది అబద్ధం. నా కళ్ళముందు ఉన్నది వాడొక్కడే.

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది, దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. బాబాయి ఎలాగూ నలభై అని రాస్తారు. ఆయన కన్ను రోలరును వదలదు. నేను నూట నలభై రాస్తే తేడా వస్తుంది, మూడోసారి ఇద్దరం కలిసి కూర్చుంటాం, ఆయన నాచేత నిజం ఒప్పిస్తారు. ప్రభుత్వానికి నిజం చేరనే చేరుతుంది. వాణ్ణి చావు మీదికి పంపిన అంకె మాత్రం నా చేత్తో రాసింది కాకుండా పోతుంది. నూట నలభై అని రాసి కవరు అంటించాను. జిగురు సరిగా అంటక రెండుసార్లు ఒత్తాను.

మర్నాడు పొద్దున డైరెక్టరు గారు ఇద్దర్నీ పిలిచారు. ఆయన మొహం వెలిగిపోతోంది.

"నూట నలభై, నూట ముప్ఫై ఆరు! ఇంత చిక్కు పనిలో ఇంత దగ్గరగా రావడం నా సర్వీసులో చూడలేదు. కార్యదర్శి గారికి ఫోన్ చేసేశాను. మీ ఇద్దరికీ దేశం రుణపడి ఉంటుంది."

బాబాయి వైపు చూశాను. ఆయన నావైపే చూస్తున్నారు. ఆ క్షణంలో ఇద్దరిలో ఎవరు నోరు తెరిచినా సరిపోయేది. నేను తెరవలేదు. ఎందుకో చెబుతాను, నమ్మితే నమ్మండి. ఆయన కూడా అలాగే చూశారంటే, అది నిజంగానే నీడేమో అనిపించింది. నా భయంతో నేను చూసిందే తప్పేమో, అబద్ధమనుకుని రాసిందే నిజమైపోయిందేమో. ఆయన కన్ను నా కన్ను కంటే గొప్పది కదా. మెట్లు దిగేసరికి నా అబద్ధాన్ని నేనే నమ్మేశాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి చాలా రోజుల తర్వాత కడుపునిండా తిన్నాను.

పదకొండు రోజుల్లో సంతకాలయ్యాయి. రేడియోలో పొద్దున్నించీ పాటలే. టీ తెచ్చే ఆవిడ నాకు కప్పుతోపాటు బిస్కెట్లు కూడా పెట్టి, "మా చెల్లెలు వంతెన ఊళ్ళోనే ఉంటుంది మేడమ్. పిల్లల్ని తీసుకుని పోదామని ఎడ్లబండి మాట్లాడి సామాను కట్టుకుంది. ఇప్పుడు విప్పేసింది" అంది. నేను బిస్కెట్టు టీలో ముంచాను.

తమ్ముడు కొండ దిగి సెలవు మీద ఇంటికొచ్చాడు. రెండు రోజులు పడుకునే ఉన్నాడు. మూడోరోజు భోజనం దగ్గర కంచంలో వేలితో గీతలు గీస్తూ అన్నాడు.

"మేం పైన రాతిగోడ కట్టాం అక్కా, ఏడాదిపాటు. ఖాళీ చెయ్యమన్నారు గానీ కూల్చమనలేదు. అలాగే వదిలేసి వచ్చాం."

"పోతే పోనీరా వెధవ గోడ. ప్రాణాలతో వచ్చావు, చాలు."

"చాలు" అన్నాడు. "మా వాళ్ళందరూ అదే అన్నారు. దిగుతుంటే ఒకడు పాడాడు కూడా. నాకే ఎందుకో బాగోలేదు."

కసిరాను. వాడు నవ్వి చేయి కడుక్కున్నాడు.

నేను లెక్కవేసిన నలభై రోజులకు మూడురోజులు అటూ ఇటూ, నలభై మూడో రోజున, మధ్యాహ్నం మూడింటికి కొండమీది నుంచి మొదటి గుండు వంతెన ఊరి మీద పడింది. పరిశీలకులు ఇంకా వాళ్ళ దేశాల్లో సామాను సర్దుకుంటున్నారు. మొదటి రోజే పదిహేడు మంది పోయారు. టీ తెచ్చే ఆవిడ ఆ మర్నాటి నుంచి రాలేదు. ఆమె చెల్లెలు ఆ పదిహేడు మందిలో ఉందో లేదో కనుక్కోవడానికి నాకు ధైర్యం చాలలేదు, ఇప్పటికీ కనుక్కోలేదు.

కొత్త ఫోటోలు వచ్చాయి. ఫిరంగులు మావాళ్ళు కట్టిన గోడ వెనకే పెట్టుకున్నారు. నేను జంట అద్దం మీంచి తలెత్తి, పదమూడేళ్ళలో మొదటిసారి నియమం తప్పి అడిగాను.

"బాబాయ్, రోలరు మీకు కనబడలేదా?"

ఆయన కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడుచుకున్నారు.

"కనబడింది."

"మరి?"

"బట్టలు ఆరేసి ఉన్నాయి చూశావా? రాళ్ళు మోస్తున్నవాళ్ళు? నా చిన్నప్పుడు మా అమ్మ అలాగే రోడ్డుపని చేసేది. నా అంకె చూసి మనవాళ్ళు వెళ్ళి వాళ్ళని కాల్చడం నేను తట్టుకోలేకపోయానమ్మాయ్."

"నాకోసం కాదా? మా వాడి కోసం కాదా?"

"కాదు. అబద్ధం చెప్పను." ఆ మాటకు ఆయనకే సిగ్గేసినట్టుంది, తల దించుకున్నారు. "నువ్వు నలభై రాస్తావనుకున్నా. ఒప్పందం తేలేలోగా ఫిరంగులు పైకొస్తే ముందు పోయేది పైనున్న నీ తమ్ముడే కదా, ముందే చెప్పి వాణ్ణి కాపాడుకుంటావనుకున్నా. తేడా వస్తుంది, మూడోసారి కూర్చుంటాం, నువ్వు గొడవపడి నాచేత ఒప్పిస్తావు అనుకున్నా. నీ నోటిమీద నాకంత నమ్మకం."

ఆయన మీద విరుచుకుపడ్డాను. ముసలితనం వచ్చి ఏం లాభమన్నాను. మీ అమ్మ పేరు చెప్పుకుని ఊరిని చంపారన్నాను. అన్నీ విన్నారు. చివరికి, "నువ్వెందుకు రాశావు?" అని మాత్రం అడిగారు. నేను మళ్ళీ జంట అద్దం మీదికి వంగాను.

ఆ సాయంత్రం ఆయన డైరెక్టరు గారి దగ్గరికి వెళ్ళి, తెలిసి తప్పు రాశానని చెప్పేశారు. నా మాట ఎత్తలేదు. నేను నీడ చూసి పొరబడ్డానని అందరూ అనుకున్నారు, అలా అనుకుంటుంటే నేను ఊరుకున్నాను. ఆయన్ను ఇంటికి పంపేశారు. యుద్ధం అయ్యాక విచారణ అన్నారు. నన్ను మాత్రం కదలనివ్వలేదు, చూసే కళ్ళు ఇక నావే కాబట్టి.

ఆనాడు నిజమే రాసుంటే ఏమయ్యేది? ఈ ప్రశ్నను నేను రోజూ నమిలాను. మావాళ్ళు దిగేవాళ్ళు, ఇరవై రెండు మంది కూలీలు పోయేవాళ్ళు, మా తమ్ముడు మొదటి గంటలోనే పోయేవాడేమో. యుద్ధం మొదలుపెట్టింది మనమేనని లోకం అనేది, మనమూ అనుకునేవాళ్ళం. లేదా వాళ్ళు బెదిరి వెనక్కి పోయేవాళ్ళేమో, వంతెన ఊళ్ళో ఇవాళ కూడా పిల్లలు బడికి వెళ్ళేవాళ్ళేమో. నాకు తెలియదు. మంత్రివర్గంలో కూర్చున్నవాళ్ళకూ తెలియదు. కానీ ఎటో తేల్చుకునే హక్కు వాళ్ళకుంది, తప్పు తేల్చుకునే హక్కు కూడా వాళ్ళదే. ఆ హక్కును నేను ఒక కవరులో పెట్టి లాక్కున్నాను.

యుద్ధం మొదలైన నాలుగో రోజు మధ్యాహ్నం తమ్ముడు ఇంటికొచ్చాడు. మూడు గంటలు అనుమతి. కొండ దారులు తెలిసినవాళ్ళు గనక వాడి దళాన్నే ముందు పంపుతున్నారు, ఈసారి కింది నుంచి పైకి. బూట్లు విప్పకుండానే వంటగది గుమ్మంలో కూర్చున్నాడు. నేను వడ్డిస్తుంటే గరిటె జారి కింద పడింది.

"ఏంటక్కా, నాకంటే నువ్వే భయపడుతున్నావు."

చెప్పేశాను. గరిటె తీయకుండా, నిలబడే ఉండి, రోలరు దగ్గర్నుంచి కవరు దాకా అంతా చెప్పేశాను. వాడు మధ్యలో ఆపలేదు. అన్నం కలిపిన చేయి కంచంలో అలాగే ఉండిపోయింది.

"ఆ కూలీలని పైనుంచి రోజూ చూసేవాళ్ళం" అన్నాడు చివరికి. "వాళ్ళకి పేర్లు కూడా పెట్టుకున్నాం. ఒకావిణ్ణి రాణి అనేవాళ్ళం. కాల్చమని ఆర్డరొస్తే కాల్చేవాణ్ణి కాననుకుంటున్నావా? కాల్చేవాణ్ణే. తర్వాత ఏడ్చేవాణ్ణి."

"నన్ను తిట్టరా."

"ఎందుకు తిట్టడం? నీ స్థానంలో నేనుండి, నాకు నాలాంటి తమ్ముడుంటే నేనూ అదే రాసేవాణ్ణేమో." వాడు సర్దిచెప్పాలని చూశాడు. ఆ గొంతు మాత్రం నేను పెంచిన పిల్లాడిది కాదు.

చేయి కడుక్కుని వచ్చి అడిగాడు. "పైన ఎన్ని ఫిరంగులున్నాయి? మాకు ఇంకా చెప్పలేదు."

చెప్పకూడదు. కానీ ఆ పొద్దున్నే మూడుసార్లు లెక్కపెట్టాను, నీడలు వేరుగా, గొట్టాలు వేరుగా.

"తొమ్మిది."

వాడు నా మొహంలోకి చూశాడు. వాడికి జ్వరమొచ్చినప్పుడు నేను నుదుటిమీద చేయివేసి చూసేదాన్ని, అంత శ్రద్ధగా చూశాడు.

"నేను భయపడతానని తగ్గించి చెప్పట్లేదుగా?"

"లేదురా. నీమీద ఒట్టు."

"నామీద ఒట్టెయ్యకు అక్కా. నావల్లేగా అదంతా." ఏమీ ఎరగనట్టు అడిగాడు. "బాబాయి గారు ఎన్నని రాశారు?"

"ఆయన రావడం లేదు. ఇప్పుడు నా అంకె ఒక్కటే."

వాడు తలూపాడు. టోపీ తీసుకుని, వంగి నా కాళ్ళకు దండం పెట్టి లేచాడు. గుమ్మం దాటి మెట్లు దిగుతూ, నొప్పించకూడదన్నంత మెల్లగా అన్నాడు.

"మేం పన్నెండనుకుని ఎక్కుతాంలే."

పైన ఉన్నవి తొమ్మిదే. మెట్లమీద నిలబడి అదే మాట మళ్ళీ గట్టిగా అరిచాను. వాడు వెనక్కి తిరగకుండానే చేయి ఊపాడు.